రెండు తాళాల వీల్‌చైర్

బ్యాంకు ఉద్యోగం నాకు పింఛనుతో పాటు ఒక జబ్బు కూడా ఇచ్చింది. రెండు తాళాలు లేని గది కనపడితే నాకు నిద్ర పట్టదు. అక్కడ లాకర్ గదిని ఏ ఒక్కరూ ఒంటరిగా తెరవలేరు. ఒక తాళంచెవి మేనేజరు దగ్గర, ఇంకోటి నా దగ్గర. రిటైరై వనస్థలిపురంలో మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శినయ్యాక ఆ జబ్బును అందరికీ అంటించాను.

సంఘానికి ఉన్న ఆస్తి ఏపాటిది? ఒక నిచ్చెన, ఒక షామియానా, ఎవరో దానమిచ్చిన వీల్‌చైర్. వాటిని కింద గదిలో పెట్టించి రెండు తాళాలు వేయించాను. ఒక తాళంచెవి నాది, రెండోది అధ్యక్షుడిది. ఎవరికేం కావాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి, మేమిద్దరం సంతకం చేయాలి. ప్రతి మీటింగులోనూ, "మన వీల్‌చైర్‌కు కవరు కూడా చిరగలేదు!" అని ఛాతీ విరుచుకునేవాణ్ని. చప్పట్లు కొట్టేవారు. కొట్టనివాళ్ల వైపు నేను చూసింది లేదు.

మొన్న వానల్లో బాత్రూంలో జారిపడ్డాను. చీలమండ బత్తాయంత వాచింది. ఎల్.బి.నగర్‌లో ఆసుపత్రికి పోవాలి, అడుగు వేయలేను. అధ్యక్షుడేమో బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టిస్తున్నాడు, రెండో చెవి ఆయన జేబులోనే ఉంది. ఫోన్ చేసి తాళం పగలగొట్టిస్తానన్నాను.

"ఎట్ల సార్? దానికి గూడ కమిటీ తీర్మానం గావాలని మీరే గద రాపిచ్చిన్రు," అన్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలిసిపోయింది. కాలి నొప్పి కన్నా అదే ఎక్కువ మండింది.

నా కేకలు విని పై అంతస్తులో కిరాయికుండే భార్యాభర్తలు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చారు. దాని చేతులకు పాత చీర ముక్కలు చుట్టి ఉన్నాయి. నన్ను కూర్చోబెట్టి, చెరో పక్కా పట్టుకుని, ఎక్కడా తగలకుండా లిఫ్టులోకి ఎక్కించేశారు.

"మీకు బాగా చెయ్యి తిరిగిందే!" అన్నాను.

"అలవాటైంది సార్," అంది ఆమె. "మా అత్తమ్మను డయాలసిస్‌కు గిట్లనే దించుతం."

"మరి వీల్‌చైర్ ఉంది కదమ్మా!"

"మీ దగ్గర గా దరఖాస్తులు ఎవరు పెడ్తరు సార్?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే కాస్త వాదించేవాణ్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

కింద ఆ గది ముందు నుంచే గేటులో ఉన్న ఆటో దాకా నన్ను మోసుకెళ్లారు. కిటికీలోంచి వీల్‌చైర్ కనిపించింది. కవరు చిరగలేదు.