అత్తమ్మ ఒంటికి పట్టిన మందు

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఎండాకాలంలో నాకు తొలి కాన్పయ్యింది. ఆడపిల్ల. పురుడు కడిగిన మూడోనాడు పిల్లకు పాలిస్తుంటే అరికాళ్లలో మంట మొదలైంది. లేచి నిలబడబోతే కళ్లు తిరిగాయి. ఆగిపోతున్నదనుకున్న నెత్తురు మళ్లీ కనిపించింది.

మాది మోతె దగ్గర పల్లె, గొర్ల మీద బతికే ఇల్లు. నేను కాపురానికి రాకముందు మా అత్తమ్మ మల్లమ్మ మోకాళ్లు పట్టేసి ఏడాదిపాటు మంచంలో ఉందట. సూర్యాపేట వైద్యుడు ఆమెది వాత శరీరమని చెప్పి, శొంఠి, మిరియాలు, వెల్లుల్లి వేసిన లేహ్యం ఇచ్చాడు. ఆమె లేచి మంద వెనక నడిచింది. అప్పటి నుంచి "మాది వాతపు ఇల్లు" అని ఊరందరికీ చెప్పేది. ఇంట్లో ఎవరికి ఏం వచ్చినా ఆ లేహ్యమే పెట్టేది.

పుట్టింట్లో నాకు ఎండాకాలమంతా మజ్జిగే ఇచ్చేవాళ్లని ఒకసారి అన్నాను. ఆమె నవ్వింది.

"పెండ్లితోని ఇంటిపేరు మారలే? ఒళ్లు గూడ గంతే పిల్లా. మా ఇంట్ల కాలు పెట్టినంక నీది మా ఒళ్లే."

నాకప్పుడు పదహారేళ్లు. నిజమే కాబోలనుకున్నాను.

బాలింతనని పొద్దున ఒక ముద్ద, మాపు ఒక ముద్ద పెట్టేది. నెత్తురు ఎక్కువైతే ముద్ద కూడా పెద్దది చేసేది. నోరంతా పూసింది. పాలు తగ్గిపోయాయి. పిల్ల రొమ్ము పట్టి లాగి లాగి ఏడ్చేది. నాలుగో రోజుకు ఏడవడానికి కూడా దానికి గొంతు రాలేదు. అది చూసి మా ఆయన బండి కట్టాడు.

సూర్యాపేటలో వైద్యుడు తన అరుగు మీద కూర్చోబెట్టి నా ఎడమచేతి నాడి పట్టుకున్నాడు. ప్రశ్నలు నన్ను అడుగుతుంటే జవాబులు అత్తమ్మ చెబుతోంది. ఆకలి ఎట్లా ఉంటుందంటే మామూలుగానే ఉంటుందంది. చెమట సంగతి అడిగితే, "మాకందరికి తక్కువనే అయ్యగారు" అంది.

ఆయన నా చెయ్యి వదిలేశాడు. "మల్లమ్మా, నీ ఒంటి సంగతి నాకు తెలుసు. పిల్లను చెప్పనీ."

అత్తమ్మ ముందు పరాయి మగవాడితో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఒళ్లో పిల్ల నోరు ఆడిస్తోంది, శబ్దం లేదు. తల వంచుకునే చెప్పాను. చిన్నప్పటి నుంచి నాకు ఎండ పడదని, ఆకలైతే ఒక్క గడియ ఓర్చుకోలేనని, చెమటకు రవిక తడిసిపోతుందని, కారం ఎక్కువైతే నోరు పూస్తుందని చెప్పాను. ఆయన చివరిదాకా విని, ఏం తింటున్నావని అడిగాడు. అత్తమ్మే కొంగుచాటు నుంచి లేహ్యం బుడ్డి తీసి ఇచ్చింది. ఆయన వాసన చూశాడు.

"ఇది ఎవరికిచ్చిన నేను?"

"నాకే. గని మా ఇంటి పిల్లనే గద అయ్యగారు."

"ఇంటిపేరు మారుతది మల్లమ్మా, పిత్తం మారదు. పుట్టినప్పుడు ఏ ఒళ్లో, చచ్చేదాక గదే ఒళ్లు. వేడి ఒంటికి నిప్పు తినిపిస్తున్నవ్."

లేహ్యం మానెయ్యమన్నాడు. రొమ్ముపాలు పడటానికి, పాలలో కలుపుకు తాగమని శతావరి పొడి ఇచ్చాడు. నెత్తురు మాత్రం తన చేతిలో లేదని, ఇంటికి పోకుండా ఇటునుంచి ఇటే సర్కారు దవాఖానకు పొమ్మన్నాడు.

అక్కడ డాక్టరు నా కనురెప్ప కిందికి లాగి చూసి "ఎనీమియా" అన్నాడు. ఆయన ఉర్దూలో మాట్లాడితే కాంపౌండరు మాకు తెలుగులో చెప్పాడు. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే తల్లి దక్కేది కాదట. ఇంజెక్షన్ ఇచ్చి, ఐరన్ టానిక్ రాశాడు. మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. నెత్తురు ఆగింది.

తిరుగు బండిలో ఊరు దగ్గరికి వచ్చాక అత్తమ్మ అంది. "నా వంతు గూడ నీకే పెట్టిన బిడ్డా. నువ్వు బాలింతవైన కాడికెల్లి నేను ముట్టలే."

ఇంటి ముందు బండి ఆగినప్పుడు చూశాను. ఆమె మోకాళ్లు మళ్లీ వంగడం లేదు. మా ఆయన ఎత్తి దించాడు. అంతవరకు ఆమె మీద నాకున్న కోపం ఎటు పోయిందో తెలియదు.

బాగుపడటం తొందరగా కాలేదు. వారానికి జ్వరం తగిలింది, మళ్లీ దవాఖానకు పోయాం. పదిహేను రోజులు పిల్లకు మేకపాలే పట్టాం. పాలు వస్తాయన్న ఆశ వదులుకున్నాను. అత్తమ్మ మాత్రం మంచంలోనే కూర్చుని నాకు జావ చల్లార్చి ఇచ్చేది, నోటికి చల్లగా ఉందా అని ప్రతిసారీ అడిగేది. ఒక పొద్దున పిల్ల రొమ్ము వదిలి పక్కకు తిరిగితే, పెదవి చివర పాలు కనిపించాయి. నేను పిల్లను అత్తమ్మ మంచం దగ్గరికి ఎత్తుకుపోయి చూపించాను.

ఆ పిల్ల ఇప్పుడు అమ్మమ్మ అయింది. నేను యాభై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇంట్లో బీపీ మాత్రలు ఒకరివి, షుగరు మాత్రలు ఒకరివి. మొన్న నా కోడలికి మోకాళ్ల నొప్పి వస్తే పక్కింటావిడ తన మాత్రల డబ్బా తెచ్చింది, "నాకు తగ్గింది వదినా, నువ్వు గూడ ఏస్కో" అని. ఆమె కూడా మంచి మనసుతోనే తెచ్చింది.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మందు ఇంటికి రాగానే, డాక్టరు ఎవరిని చూసి ఇచ్చాడో వాళ్ల పేరు దాని మీద రాయండి. రాయడం రాకపోతే రాయించుకోండి. ఎంత ప్రేమగా పెట్టినా, మీ పేరు లేనిది మింగకండి.