టింకు కోసం రేపల్లెలో వాకబు

మొన్న రేపల్లె వెళ్ళి, ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో కాఫీ తాగి, జంతికలు తిని, ఆ ఇంటావిడ ఆశ కాస్తా నీళ్ళపాలు చేసి వచ్చానండి. నేను వెళ్ళింది మాత్రం కుక్క పని మీద.

తెనాల్లో మా అమ్మాయి ఇంట్లో నేనూ మా టింకూ ఒక జట్టు. మనవరాలికి ఆయాసం ఎక్కువైంది. కుక్క బొచ్చు ఆ పిల్లకి పడటం లేదని డాక్టరు గారు తేల్చేశారు. ఎవరికైనా ఇద్దామని మా అల్లుడు ఫోన్ గ్రూపులో ఫొటో పెట్టాడు. ముందు బాపట్ల నుంచి ఒకాయన వచ్చాడు. రొయ్యల చెరువు దగ్గర కాపలాకి కావాలట. "ఎప్పుడూ గొలుసుతోనే ఉంటదండి, ఎక్కడికీ పోదు" అన్నాడు గొప్పగా. మంచినీళ్ళిచ్చి పంపేశాను.

తర్వాత రేపల్లె నుంచి సుధాకర్ అని ఒకబ్బాయి ఫోన్ చేశాడు. రైసు మిల్లులో గుమస్తానట. టింకు ఏం తింటుంది, టీకాలు వేయించారా, ఉరుములకి భయపడుతుందా, అన్నీ అడిగాడు. నాకు అనుమానం వచ్చింది. చూడని కుక్క మీద అంత ప్రేమ ఎవరికుంటుంది?

మా అమ్మాయి సంబంధానికి ఏం చేశానో దీనికీ అదే చేద్దామనుకున్నాను. చెప్పకుండా వెళ్ళి ఇరుగుపొరుగుని అడగడం. అడగాల్సినవి చీటీ మీద రాసుకున్నాను. తాగుతాడా. చెయ్యి చేసుకుంటాడా. వేళకి అన్నం పెడతారా. మోజు తీరాక వదిలేస్తాడా. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నదాన్ని, కుదించి రాసుకుంటాను. కుక్క అన్న ముక్క రాయాలని తోచలేదు. నాకు తెలుసు కదా.

ప్రార్థన చేసుకుని రైలెక్కాను. వాళ్ళ వీధి మొదట్లో కిరాణా కొట్టు ఉంది.

"సుధాకర్ ఎలాంటివాడమ్మా?" అన్నాను కొట్టావిడతో.

"ఏంటి పిన్నిగారూ విషయం?"

"ఉందిలే. నువ్వు చెప్పు."

ఆవిడ నా చేతిలో చీటీ తీసుకుని చదివింది. మొహం వెలిగిపోయింది. "బంగారమండి. సిగరెట్టు కూడా ముట్టడు." పక్కింటావిడ వచ్చి, "గట్టిగా మాట్లాడ్డం కూడా రాదండి" అంది. టీ తాగుతున్న ఒకాయన, "ముప్పై నాలుగున్నా అలా కనపడడండి" అన్నాడు. కుక్కకి అతని వయసుతో పనేంటో నాకు అర్థం కాలేదు. వీధంతా ఒకే మాట చెబుతోందంటే ఏదో దాస్తున్నారన్నమాటే.

ఇంతలో ఎవరు కబురు పెట్టారో, అతని తల్లే వచ్చి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళింది. కాఫీ వచ్చింది. జంతికలు వచ్చాయి. సుధాకర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి తల వంచుకు కూర్చున్నాడు.

"అమ్మాయి ఏం చదివిందండి?" అంది ఆవిడ.

అప్పుడు వెలిగింది నాకు. "అమ్మాయి కాదు వదినగారూ, కుక్క. నేను తెనాలి నుంచి, టింకు వాళ్ళ మామ్మని."

"మూడేళ్ళకి గుమ్మంలోకి ఒక సంబంధం వచ్చిందనుకుంటే..." అని ఆవిడ జంతికల ప్లేటు వైపు చూసింది. తీసేస్తుందేమోనని నేను ఇంకొకటి తీసుకున్నాను. సుధాకర్ మాత్రం పగలబడి నవ్వాడు.

ఇంక దాచేదేముందని సూటిగా చెప్పాను. "రోజంతా కట్టెయ్యకూడదు బాబూ. మీకు కుదరకపోతే ఇంకొకరికి ఇవ్వకూడదు, నాకే తెచ్చివ్వాలి. దానికి మళ్ళీ చోటు నేనే చూస్తాను."

"అలాగేనండి" అని, కాస్త నసిగాడు. "నేనూ మీ వీధిలో వాకబు చేశానండి. ఉన్నట్టుండి ఎందుకు ఇచ్చేస్తున్నారా అని."

"ఏమన్నారు?"

"కుక్క చాలా మంచిదన్నారండి. ఎవరినీ ఏమీ అనదట. ఆ గేటు దాటాలంటే మామ్మగారికే భయపడాలన్నారు."

"ఎవరు బాబూ ఆ మాటన్నది?"

"పేరు చెప్పొద్దన్నారండి."

ఆదివారం టింకుని, దాని దుప్పటినీ, టీకాల కార్డునీ అప్పగించి వచ్చాం. నేను ఏడ్చాను. అది మాత్రం సుధాకర్ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నా అనుమానమంతా దండగైపోయింది.

పూర్తిగా కాదులెండి. ఆ మాటన్నది ఎవరో తెలుసుకోవాలని ఇప్పుడు మా వీధిలో వాకబు చేస్తున్నాను. నన్ను చూస్తే చాలు, అందరూ తలుపులేసుకుంటున్నారు.