నర్సమ్మ దుకాణం ముంగట నల్లమేక

దేవరకొండ నర్సమ్మ ఐస్‌క్రీమ్‌ల మేకపాలు కలుస్తయంటరు. కండ్లార చూసినోడు మాత్రం ఇంతవరకు ఒక్కడు దొరకలే.

లక్ష్మీనర్సమ్మది గొర్లకాపరోళ్ల ఇల్లు. తెలంగాణ వచ్చిన ఏడే మొగడు గుర్వయ్యతోటి కొట్లాడి సగం మంద అమ్మిచ్చి, బస్టాండు కాడ జాగా కిరాయికి తీస్కొని, సీతపండ్ల ఐస్‌క్రీమ్ మొదలువెట్టింది. ఆ సల్లదనానికి మే నెల ఎండ గూడ రగ్గు కప్పుకున్నదంటే నమ్ముండ్రి!

ఎదురుంగ మిఠాయిలమ్మే కృష్ణకాంత్ సేటుకు కడుపు మండింది. "మేకపాలు పోస్తాందట, వాసన చూడుండ్రి" అని ఊరంత చాటిండు. తెల్లారేసరికి ఆమె దుకాణం మీద ఈగ గూడ వాలలే.

గుర్వయ్య తల పట్టుకున్నడు. "సగం మంద పాయె. గిది గూడ మునిగితె ఏం తిని బతుకుదమే?"

"జర నోరు మూస్తవా?" అన్నది నర్సమ్మ.

అంగడి రోజు పొద్దుగాల్నే నల్లమేకను తోలుకొచ్చి దుకాణం ముంగట కట్టేసింది. అందరు చూస్తుండంగనే పాలు పిండింది. ఒక డబ్బల మేకపాల ఐస్‌క్రీమ్, ఇంకో డబ్బల బర్రెపాలది. ఏది ఏదో డబ్బల అడుగున గుర్తు పెట్టుమని బడి సారు ఇస్రాయేలుకు అప్పజెప్పింది. మాపటికి రెండు గడ్డకట్టినయి.

"రా సేటూ! మేకది ఏదో చెప్పు. చెప్తే దుకాణం నీది, నేను మళ్ల గొర్ల ఎంబడి పోత."

గుర్వయ్య మళ్ల తల పట్టుకున్నడు. సేటు గిది నాకె, గది నాకె, మళ్ల గిది నాకె. అచ్చంపేట బస్సు డ్రైవరు బస్సాపి దిగిండు, లోపలోళ్లు కిటికీలకెళ్లి దునికిండ్రు.

"గిదే మేకది!" అన్నడు సేటు.

సారు డబ్బ లేపి అడుగు చూసిండు. "బర్రెది!"

"సేటూ, ఇంకో డబ్బ తినరాదు, తెలుస్తదేమో!" అని ఎవడో కేకేసిండు. అంగడంత పగలబడి నవ్వింది. క్షణంల రెండు డబ్బలు ఖాళీ. మేకపాలదే ముందు అయిపోయిందంటరు.

ఇగ అచ్చంపేట, నందికొండ, యాదగిరిగుట్ట... యాడ చూసినా నర్సమ్మ బోర్డే. శ్రీశైలం పోయెటోళ్లు దేవునికంటె ముందు ఆమెను తలుస్తున్నరు. నిరుడు కృష్ణకాంత్ బిడ్డ పెండ్లిల ఐస్‌క్రీమ్ ఎవలదనుకున్నరు? ఆమెదే! సేటే ఇంటికి పోయి బతిలాడిండట.

గీ ముచ్చట ఎవలడిగినా నర్సమ్మ నడుముకు చెయ్యి పెట్టుకొని ఒక్కటే చెప్తది: "మేక లేదు, షర్తు లేదు, సేటు నాకిందీ లేదు. పనిలేనోళ్లు పుట్టిచ్చిన ముచ్చటది. కొనేటిదుంటె కొనుండ్రి, లేకుంటె ఎనకోళ్లకు జాగ ఇయ్యుండ్రి!"