పరశురాం సార్ డబ్బాకు సంబంధం

పరశురాం సార్‌ది ఒకటే పిచ్చి. ఆయన కంప్యూటర్ డబ్బా ఒప్పుకోనిదే ఏ వస్తువూ కొనడు. మౌస్ కొనాలన్నా డబ్బాను వెంటేసుకుని వస్తాడు. కోఠిలో కిటికీ పరదా బేరమాడినప్పుడు కూడా డబ్బా పక్కనే ఉందని చెప్పుకుంటారు.

ఆ మధ్యాహ్నం సార్ ఆటో దిగి, తువ్వాల కప్పిన డబ్బాను చంకనెత్తుకుని అబిడ్స్‌లోని ఫోన్ల షాపులోకి వస్తుంటే, కౌంటర్ వెనక సురేందర్‌కు ఏసీలోనే చెమటలు పట్టాయి.

"ఏంది సార్, మళ్ళ పిలగాన్ని తోల్కొచ్చిన్రు?"

"సంబంధం చూస్తున్న సురేందరూ! మావోడు పాతకాలపోడు, వైఫై పడదు. తీగ కట్టుకొని నెట్ ఇచ్చే ఫోన్ కావాలె. నాలుగింటికి ఆన్‌లైన్ల టైపింగ్ పరీక్ష. తప్పితే ఉద్యోగం పాయె!"

టైపింగ్ నేర్పి నేర్పి రిటైరైన మనిషికి ఇప్పుడు ఉద్యోగమేమిటని అడగబోయి, సురేందర్ ఫోన్ల అర తెరిచాడు. అడిగితే డబ్బా జాతకం మొదలవుతుంది. అప్పటికే రెండున్నర.

సార్ ఏకంగా షాపులో బిల్లులు కొట్టే మానిటర్ పీకి డబ్బాకు తగిలించాడు. బిల్లు కోసం నిలబడ్డవాళ్ళంతా పెళ్ళివారైపోయారు.

మొదటి ఫోన్ నిగనిగలాడింది. కానీ దాని తీగకు రెండు మొనలూ సన్నమే, డబ్బాకు తీగ దూర్చే రంధ్రమేమో వెడల్పు.

"వద్దు. పిల్ల చెయ్యే ఇస్తలేదు."

రెండోది అతుక్కుంది. ఛార్జింగ్ తాగిందే తప్ప నెట్ ఇవ్వలేదు.

"తింటది, పలుకదు. ఇంకోటి తియ్!"

"గిది చూడున్రి సార్, కెమెరా జబర్దస్త్ ఉంటది!"

"మావోనికి మొఖమే లేదు. ఫోటో దేనికిరా?"

నాలుగోది పెట్టగానే తెర మీద నెట్ వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఇగ ఇల్లు చూడాలె. గాడ సిగ్నల్ లేకుంటే సంబంధం క్యాన్సిల్. మూడు కంపెనీల సిమ్ములు వట్టుకొని నడువ్!"

ఆత్రంలో సార్ తీగలూ గీగలూ అన్నీ మూటకట్టి, సురేందర్‌ను లాక్కుని ఆటో ఎక్కాడు. నాంపల్లిలో ఆటో సార్ ఇంటిని దాటిపోయింది. కోర్టు వెనక సందులో, మెట్ల కింద గది ముందు ఆగింది.

లోపల భాగ్య, కాలికి కట్టుతో. సార్ దగ్గరే టైపింగ్ నేర్చుకుని, కోర్టు గేటు దగ్గర కూర్చుని అర్జీలు టైపు చేసే మనిషి, సురేందర్‌కూ తెలిసినామే. కాలు విరిగి నెలైంది. ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం, పరీక్ష, అన్నీ ఆమెవే.

మొదటి సిమ్ సున్నా. రెండోదీ సున్నా. మూడోది కిటికీ ఊచ దగ్గర మాత్రం రెండు గీతలు చూపించింది. గడియారంలో మూడూ యాభై! బల్లను కిటికీ దగ్గరికి లాగారు. సార్ ఫోన్‌ను తువ్వాలతో ఊచకు కట్టి, సరిగ్గా మూడు ముళ్ళు వేశాడు. పరీక్ష తెరుచుకుంది. భాగ్య వేళ్ళు టకటకలాడాయి.

బయట మెట్ల మీద సురేందర్ గొణిగాడు. "భాగ్యక్క కోసమని ముందే చెప్పొచ్చు గద సార్?"

"చెప్తే అయ్యో పాపమని ఏదో ఒకటి చేతుల వెడ్తుంటివి. పిలగాని తరఫున వచ్చిన కాబట్టి కుర్చేసి నాలుగు సంబంధాలు చూపిచ్చినవ్!"

ఇంతలో షాపు ఓనర్ ఫోన్ చేశాడు. బిల్లులు కొట్టే మానిటర్ మాయమైందట. సురేందర్ గదిలోకి తొంగిచూశాడు. భాగ్య కళ్ళు ఆ మానిటర్‌కే అతుక్కుని ఉన్నాయి.

"సార్!"

"మెల్లగ మాట్లాడు. ఆడపిల్లోల్లు సారె వెట్టిన్రనుకున్న. పరీక్ష అయినంక వాపస్ తెస్త తియ్."

సురేందర్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని, "అన్నా, జర పెళ్ళిల ఉన్న, అప్పగింతలైనంక వస్త!" అని కట్ చేశాడు.