గరుత్మంతుడు కాని పక్షి

ఎవరింటి వంటగదిలోంచైనా చిత్రాన్నానికి వేసే ఇంగువ తాలింపు వాసన వస్తే నాకు మహాకావ్యం రాయాలనిపిస్తుంది; అందులో గరుత్మంతుడు, కఠోర ఉపవాసం, మరణం అన్నీ ఉంటాయి. తీరా రాయడానికి కూర్చుంటే మిగిలేది మా అవ్వ, ఒక ఎలుక, నోరు మూసుకోవడం చేతకాని ఎనిమిదేళ్ల నేను.

వడమాలపేట దగ్గర మా ఊళ్లో వెంకన్నకు ఇష్టమైన పెరటాసి నెల శనివారాలంటే పొద్దున్నే కల్లాపి తడి, నామాలు పెట్టుకున్న పిల్లల గోవిందలు, ఎంత నూనె కరువైనా ఎలాగో వీధంతా కమ్ముకునే వడల వాసన. మా నాయన తల్లి, అవ్వ, ఆకాశంలో గరుత్మంతుణ్ణి చూసి దండం పెట్టుకోనిదే ఆ రోజు మెతుకు ముట్టేది కాదు. కళ్లకు పొరలు కమ్మాక చూసే పని నాకు అప్పగించింది. తెల్లని తల, తెల్లని రొమ్ము, ఇటుక రంగు ఒళ్లు, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరగడం. ఈ గుర్తుల్లో ఒక్కటి తప్పినా దండం పెట్టకూడదని నేర్పింది ఆమే.

ఆ ఏడు అవ్వ జ్వరం పడి లేచింది. మూడో శనివారం, పొద్దు నడినెత్తికొచ్చినా కొండవైపు కాకులు తప్ప ఏమీ లేవు. అవ్వ అరుగు మీద గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. అప్పుడు వేరుశెనగ చేని మీదికి ఒక పక్షి వచ్చింది.

“ఏదో వచ్చిందవ్వా!”

అవ్వ చేతులు లేచాయి. “తల తెలుపేనా?”

“తెలుపే.”

“ఒళ్లు?”

చిత్రాన్నం కలపడం ఆపి గడపలో నిలబడిన అమ్మ, అవునని చెప్పమని గరిటెతో సైగ చేసింది. నేను మాత్రం చిత్తూరు కోర్టులో బోనెక్కిన సాక్షినైపోయాను.

“బూడిద రంగవ్వా. బుజాల మింద నల్లగా ఉండాది. కాకికన్నా చిన్నది. తిరగలా, ఒకే తావున నిలబడి రెక్కలు కొడతా ఉండాది. కాళ్లు కిందికి యాలాడేసింది.”

“అయితే ఆయన కాదురా.” లేచిన చేతులు దించేసింది. “ఇప్పుడేం జేస్తా ఉండాది?”

“ఎలకను పట్టుకోని పోతా ఉండాది.”

“పోనీలే, దానికన్నా దొరికింది.”

“కండ్లుండి ఏం లాభంరా, బుర్ర ల్యాకపోతే!” అంది అమ్మ.

“వాణ్ణేమనొద్దమ్మే. నేర్పించింది నేనే గదా.”

అవ్వ చీకటి పడేదాకా ఎదురుచూసి, చెంబెడు నీళ్లు తాగి పడుకుంది. జ్వరం తిరగబెట్టింది. నాలుగో శనివారానికి అవ్వ లేదు. వైద్యుడు జ్వరమే కారణమన్నాడు. ఇంట్లో నన్నెవరూ ఏమీ అనలేదు, అన్నా బాగుండేది.

ఆ పక్షిని అడవి రామదాసు అంటారని చాలా ఏళ్లకు పిట్టలు పట్టి అమ్మే ఒకాయన చెప్పాడు. రాముడున్న పేరే, ఆ రోజే తెలిసుంటే అవ్వతో బేరమాడి చూసేవాణ్ణి.

ఇప్పుడు గద్ద కనబడినా, గాలిపటం కనబడినా గరుత్మంతుడే అని ప్రమాణం చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను, అడిగేవాళ్లే లేరు. అరుగు పోయింది, చేనూ పోయింది. చేనున్న చోట మామిడికాయల మండీ కట్టారు, దాని రేకుల కప్పు అడ్డమొచ్చి కొండవైపు ఆకాశం కనిపించదు. రెండేళ్లకోసారి రంగు వెయ్యకపోతే ఆ రేకులు తుప్పు పట్టి ఇటుక రంగుకొస్తాయి.