మాల మీద మాల

మా అల్లుడు మాలలో ఉన్నన్నాళ్లే మా ఇంట్లో ముద్ద గొంతు దిగేది. మిగిలిన రోజుల్లో కంచం ముందు కూర్చుని చెవులు వీధి గుమ్మానికి అప్పగించేవాళ్లం, బండి చప్పుడు ఎలా వస్తుందోనని. తిన్నగా వచ్చి ఆగితే తాగలేదు. మలుపు దగ్గర ఆగి, మళ్లీ స్టార్టయి, మళ్లీ ఆగితే తాగాడు. నా కూతురు తలెత్తకుండానే చెయ్యి కడిగేసుకునేది.

నాకు రాయడం ముసలితనంలో వచ్చింది. అందుకని చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నర్సీపట్నంలో నా కూతురి ఇంట్లో ఉంటాను. ఆమెది ఆఫీసు ఉద్యోగం. అల్లుడు గొలుగొండ వైపు ఒక పల్లెలో బడిపంతులు. మా ఆయన పోయాక నేను జీడిపిక్కలు కొట్టి పిల్లని చదివించాను. జీడి సొనకి నా వేళ్ల చివర్లు మాడి నల్లబడి ఉండేవి. ఆ వేళ్లకి పలక అందించినవాడు అల్లుడే. పెళ్లయిన కొత్తలో బ్యాంకులో నేను వేలిముద్ర వేయడం చూసి, "అత్తయ్యగారూ, రోజూ సాయంత్రం ఒక గంట నాకివ్వండి" అన్నాడు. అల్లుడి ఎదురుగా అత్త కూర్చోవడం మావైపు తప్పు. అందుకని గుమ్మానికి అవతల అతను, ఇవతల నేను. ఒత్తులు తప్పుతుంటే కసిరేవాడు కాదు. "మళ్లీ దిద్దండి, పోయేదేముంది" అనేవాడు. అంత మంచివాడు.

తాగుడు ఎప్పుడు మొదలైందంటే చెప్పలేను. చెదలు ఎప్పుడు పట్టాయో ఎవరికి తెలుస్తుంది? ముందు ఆదివారాలన్నాడు. తర్వాత బండి డిక్కీలో సీసా, ఆ తర్వాత బడికి తీసుకెళ్లే నీళ్ల బాటిల్లోనే కలిపి. తాగి కొట్టేవాడైతే నాకు తిట్టడం సులువయ్యేది. అతను కొట్టడు, అరవడు. గోడ వైపు తిరిగి పడుకుని ఏడుస్తాడు. పొద్దున్నే లేచి పిల్లలిద్దరి నెత్తి మీదా చెయ్యి పెట్టి ఒట్టు వేస్తాడు. ఆ ఒట్లకి భయపడి నేను పిల్లల్ని పొద్దున్నే పక్కింటికి పంపేసేదాన్ని.

మాల సంగతి తెలియనివాళ్లు ఉండరు. నల్లబట్టలు, మెడలో పూసలు, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం. మందు ముట్టకూడదు. ఇంటిల్లిపాదీ ఆ మనిషిని స్వామీ అనాలి. మా వీధిలో ఏడాదంతా మురిక్కాలవ పక్కన పడి ఉండేవాళ్లు కూడా కార్తీకం రాగానే విభూతి పెట్టుకుని శుభ్రంగా తిరుగుతారు. మకరజ్యోతి అయ్యాక మళ్లీ అదే కాలవ. మా అల్లుడూ మొదటి ఏడాది అంతే చేశాడు. మండలం రోజులు నిప్పులా ఉన్నాడు. శబరిమల వెళ్లొచ్చాడు. మాల తీసిన సాయంత్రమే తోటి స్వాములతో కలిసి తాగాడు.

ఆ వేసవిలో కళ్లు పచ్చబడ్డాయి. రక్తం కక్కాడు. విశాఖ తీసుకెళ్లాం. డాక్టరమ్మ నా కూతుర్ని బయటికి పిలిచి, "ఇకమీదట తాగితే మళ్లీ నా దగ్గరికి తేవద్దు. తెచ్చినా నేను చెయ్యగలిగింది ఉండదు" అంది. మందులు రాసింది. తాగుడు మాన్పించే చోటికి కూడా వెళ్లమంది. కొన్నాళ్లు వెళ్లాడు, మాత్రలు మింగాడు, మానేశాడు. కార్తీకం వచ్చింది. అప్పుడు నాకు తోచింది. మాలలో ఉంటే తాగడు. తీస్తే తాగుతాడు. అయితే తియ్యకుండా ఉంచితే సరిపోతుంది కదా?

మా గురుస్వామి బస్టాండు దగ్గర బట్టలు కుట్టే ఆయన. ఆయనా ఒకప్పుడు తాగినవాడే. మిషను పక్కన నిలబడి అడిగాను.

"జ్యోతి అయిపోనాక కూడా మాల ఉంచీకూడదా గురుసామీ?"

"అలాగెలా కుదురుతాది మాతా? ఇరుముడి దించీసినాక తీసీయాల."

"తీసీసి ఇంకోటెయ్యి. శివరాత్రికి శివమాల. తరవాత ఆంజనేయసామి మాల. దసరాకి భవానీ. మళ్లీ కార్తీకం వచ్చీయదా?"

ఆయన కత్తెర కింద పెట్టాడు. "మాలంటే ఏసం కాదు మాతా."

"నాకు ఏసమైనా సరే. దాని లోపల మడిసి బతికుంటే సాలు."

ఒప్పుకున్నాడు. ఇష్టంగా కాదు.

అలా మాల మీద మాల వేయించాం. తెల్లవారుజామున నుయ్యి దగ్గర అతను నెత్తిన నీళ్లు కుమ్మరించుకుంటుంటే పళ్లు టకటకలాడేవి. నేను పొయ్యి మీద నీళ్లు కాచి ఇవ్వబోతే వద్దనేవాడు. పీట వాల్చి, దీపం వెలిగించి, శరణుఘోష చెప్పేవాడు. పంతులు గొంతు కదా, వీధి చివరిదాకా వినిపించేది. నేను వెనకాల నిలబడి దండం పెట్టుకునేదాన్ని. ఏమని? ఈ మాల మెడలోనే ఉండాలి తండ్రీ అని. వేరే ఏమీ అడగలేదు.

పిల్లలకి వేళాకోళంగా ఉండేది. "స్వామీ, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టండి స్వామీ" అని చిన్నది. "లెక్కల్లో తప్పావు కదా స్వామీ" అని ఇతను. నవ్వేవాళ్లం. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో. వీధిలో పాత సావాసగాళ్లు ఎదురైతే మాత్రం ఊరుకునేవారు కాదు.

"ఏటి పంతులు సామీ, ఈ రంగు ఎన్నాళ్లు? మొన్న నలుపు, ఇప్పుడు ఇంకోటి. అద్దెకి తెత్తన్నావేటి?"

"మాల తీసిన్నాడు కబురెట్టు సామీ, కోడి నాది."

అతను తల దించుకుని నవ్వేవాడు. నేనైతే చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేదాన్ని. "కోడి నీదైతే పాడె కూడా నువ్వే మోస్తావురా?" అని ఒకసారి అడిగాను. ఆ తర్వాత వాళ్లు మా వీధిలోకి రాలేదు.

కళ్లు తెల్లబడ్డాయి. ఒంట్లో కాస్త కండ పట్టింది. బడి మానకుండా వెళ్లేవాడు. ఒక మాలకీ ఇంకో మాలకీ మధ్య ఖాళీ వచ్చినప్పుడు మాత్రం మాకు ప్రాణం పీకేది. ఆ రోజుల్లో నా కూతురు సెలవు పెట్టి కాపలా కూర్చునేది. అతను కూడా గడప దాటేవాడు కాదు, దాటితే ఏం చేస్తాడో అతనికీ తెలుసు కాబట్టి.

నా కూతురి సంగతి కూడా రాయాలి. మాలలో ఉన్న మనిషికి పెళ్లాం లేనట్టే. ఆమెకి ఏడాది పొడుగునా మొగుడు లేడు, స్వామి ఉన్నాడు. ఒక రోజు బియ్యం ఏరుతూ అంది:

"అమ్మా, ఈ సామి మనింట్లో ఎన్నాళ్లుంటాడే?"

"సామి ఎలిపోతే ఎవుడొస్తాడో నీకు తెలుసు కదే."

"తెలుసు. అయినా అడిగాను." రాళ్లు తీసి పక్కన పెట్టింది.

దసరా ముందు ఎర్రబట్టల్లో, భవానీ దీక్షలో ఉండగా ఒక పొద్దున్న ఎస్. రాయవరం నుంచి ఫోను వచ్చింది. అతని సొంత చిన్నాన్న పోయాడు. పాలివాళ్ల చావు. ఇంటికి మైల వచ్చినట్టే. మైలలో మాల ఉంచకూడదు.

నేను అతన్ని వెంటబెట్టుకుని గురుస్వామి దగ్గరికి పరుగెత్తాను. పూజ గదిలో పీట ముందు కూర్చున్నాడాయన.

"సూతకం వచ్చీసింది మాతా. మాల ఉండకూడదు" అన్నాడు.

"తీసీస్తే ఈ మడిసి ఉండడు గురుసామీ. ముందు అది సూడు."

"నాను సూడకేటి? నానూ ఆ గోతిలోంచి వచ్చినోణ్నే. కానీ నియమం అందరికీ ఒకటే."

"మైలొచ్చిందని మందుకొట్టు మూసీయరు కదా? మాలెందుకు తీసీయాల? సావు సిన్నాన్నది. ఈడిది కాదు."

"మాతా, నువ్వు ఏడు, నన్ను తిట్టు. మాల తీసినా నియమం ఉంచుకోవచ్చు. తాగొద్దని మాల సెప్తాదా? మనసు సెప్పాల గానీ."

"మనసు సెప్పీవోడైతే నీకాడికి ఎందుకు తెత్తాను?"

మాల తీసేటప్పుడు చదివే మంత్రం ఒకటి ఉంటుంది. అది చదవడానికి గురుస్వామి కళ్లు మూసుకున్నాడు. నేను అల్లుడి వైపు చూశాను. మంత్రం ఇంకా మొదలవలేదు. అతని చెయ్యి అప్పటికే మెడ మీదకి వెళ్లింది. పూసలు తల మీదుగా తీసి పళ్లెంలో పెట్టేశాడు. "ఆగు సామీ" అన్నాడు గురుస్వామి కళ్లు తెరిచి. ఆగడానికి ఏమీ మిగల్లేదు.

ఎస్. రాయవరానికి అతనితో నేను కూడా బస్సెక్కాను. పక్క సీట్లోనే కూర్చున్నాను, అత్తా అల్లుడూ అని చూడకుండా. దారంతా కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాడు. నేను నూకాలమ్మ తల్లికి మొక్కుకుంటూనే ఉన్నాను. ఈ ఒక్కరోజు దాటించు తల్లీ.

శవం లేచింది. పాడెకి ఒక కొమ్ము అతనే పట్టాడు. ఆడవాళ్లం ఊరి పొలిమేర దాకానే వెళ్లాలి. అక్కడ ఆగిపోయాం. కాడు దగ్గర ఏం జరుగుతుందో మావైపు అందరికీ తెలుసు. మోసినవాళ్లకి ఒళ్లు నొప్పులకని మందు పోయిస్తారు. ఎవరూ తప్పనుకోరు. పోయించనివాళ్లనే ఆడిపోసుకుంటారు. నేను ఆ పొలిమేర రాయి దగ్గర నిలబడి, దాటిపోదామా అనుకున్నాను. ఆడది కాటికొచ్చిందని ఊరంతా అనుకుంటారు, అనుకోనీ అనుకున్నాను. అల్లుడికి పిన్ని వరసావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికొదినా? అపచారం." ఆగిపోయాను.

వాళ్లు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. గట్టు మీద వరసగా వస్తున్నారు. అందరి కాళ్లూ ఒకలాగే పడుతున్నాయి, అతని కాళ్లు తప్ప. దగ్గరికొచ్చి, "అత్తయ్యగారూ, మీరు భోంచేశారాండీ?" అన్నాడు. అంత మెల్లగా, ఒక్కో అక్షరం పట్టి పట్టి అతను తాగినప్పుడే మాట్లాడతాడు.

పెద్దకర్మ దాకా అక్కడే ఉన్నాడు. రోజూ తాగాడు. ఇంటికి తెచ్చాక గదిలోంచి బయటికి రాలేదు. మైల వెళ్లిన మర్నాడు నేను తలస్నానం చేసి, గురుస్వామిని బతిమాలి, మాల పళ్లెంలో పెట్టుకుని అతని మంచం దగ్గరికి వెళ్లాను.

"లేవండి బాబూ. తానం సెయ్యండి. గురుసామి ఏస్తానన్నాడు."

"వద్దండి అత్తయ్యగారూ."

"కార్తీకం వచ్చీస్తంది. మళ్లీ మొదలెడదాం. పోయేదేటుంది?"

"ఆ యేడాదంతా మానింది నేను కాదండి. స్వామి మానాడు. నేను లోపల కూర్చుని, ఎప్పుడు తీస్తారా అని రోజూ ఎదురుచూశాను." గోడ వైపు తిరిగాడు. "చిన్నాన్న పోయాడని ఫోను వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదండి. హమ్మయ్య అనిపించింది. అమ్మవారి ముందు కూర్చుని ఆ మాట అనుకున్నవాణ్ని. మళ్లీ ఏ మొహంతో వేసుకోను?"

పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఏడాదంతా నేను దేవుణ్ణి అడిగింది మాల గురించే. మాల బాగానే ఉంది. ఒక్క పూస కూడా రాలలేదు.

ఇప్పుడు అతని పొట్ట కుండలా ఉంది. కాళ్లు వాచాయి. అనకాపల్లి తీసుకెళ్లి పొట్టలో నీరు తీయిస్తాం, మళ్లీ నిండుతుంది. లేవగలిగితే తాగుతాడు. లేవలేని రోజుల్లో తాగడు, అంతే తేడా. నా కూతురు ఆఫీసుకి వెళ్తుంది, వస్తుంది, పక్కబట్టలు మారుస్తుంది. ఏడవడం మానేసింది. అది చూస్తే నాకు అతనికంటే ఆమె గురించే ఎక్కువ భయం.

మొన్న మూడు రోజులు స్పృహ లేదు. మనుషుల్ని గుర్తుపట్టలేదు. నా కూతురు అతని కాళ్ల దగ్గర కూర్చుని కూర్చునే నిద్రపోయింది. అది చూసి పొద్దున్నే దీపం పెట్టి, అతన్ని బతికించమని ఇన్నేళ్లూ అడిగిన నోటితోనే, తండ్రీ, ఇంక బేగి తీసుకెళ్లిపో అన్నాను. మనసారానే అన్నాను. దాచుకోను.

ఆ మాట కూడా ఆ దేవుడు వినలేదు. ఎండెక్కేసరికి అల్లుడు కళ్లు తెరిచాడు. నన్ను పోల్చుకున్నాడు. పెదాలు తడుపుకుని, "ఆకలేస్తోందండి" అన్నాడు.

లేచి వెళ్లి గంజి కాచాను. చల్లారేదాకా ఊదుతూ కూర్చుని, చెంచాతో పట్టాను. సగం గడ్డం మీదకి కారింది. కొంగుతో తుడిచి మళ్లీ పట్టాను.