వాసన ఎటు పోయింది

మా కొండల్లో పొలానికి అంబలి ఎండిన ఆనపకాయ బుర్రలోనే పట్టుకెళ్లేవాళ్లం. కొత్త బుర్ర చేదుగా ఉంటుంది. అమ్మ అందులో నాలుగైదు రోజులు వేడి గంజి పోసి, పారబోసి, చేదు పోయాకే వాడేది.

ఏడో తరగతికొచ్చేసరికి ఆ బుర్ర నాకు నామోషీ అయింది. పోరుపెట్టి డుంబ్రిగుడ సంతలో ప్లాస్టిక్ డబ్బా కొనిపించాను. మూత తీస్తే ఒకటే ఘాటు వాసన. అమ్మ దానికీ బుర్ర వైద్యమే చేసింది. కాకపోతే, పారబొయ్యడానికి మనసొప్పక, పొయ్యి మీంచి దించిన అంబలే రోజూ అందులో పోసి మాకు పెట్టింది, తనూ తాగింది. అప్పుడు చెల్లి తన కడుపులో ఉంది. వారం తిరిగేసరికి, "సూసావేటే గుంటా, వాసన పోనాది" అని మురిసిపోయింది.

పదేళ్ల తర్వాత, నర్సు ట్రైనింగ్‌లో మేడమ్ చెప్పింది: వేడి తగిలితే ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి దిగుతాయి, కడుపులో బిడ్డకు మరీ ప్రమాదం.

సెలవులకు ఇంటికెళ్తే చెల్లి అదే డబ్బా ఎత్తి గటగటా తాగుతోంది. విసురుగా లాక్కున్నాను.

"నీకేటైనాదే? వాసన ఎప్పుడో పోనాది కదే!" అంది అమ్మ.

ఎటు పోయిందో తెలిసిన నేను, చెల్లి మూతికంటిన అంబలి తుడిచాను.